రేవు పక్క గుళ్ళు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో హాంకాంగ్ గురించి రాస్తూ వాంగ్ తాయ్ సిన్ గుడి మాట ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్ళిపోయాను. ఆ ముక్క పట్టుకుని చాలామంది రాశారు. అందుకని ఈసారి మొత్తం తావో గుళ్ళ మీదే, అంటే చైనా వాళ్ళ తావో మతం గుళ్ళ మీద. నేను మర్చంట్ నేవీలో ఇంజినీరుగా చేసి, రిటైరై మహారాణిపేటలో కూర్చున్న మనిషిని. మతాల మీద పండితుణ్ణి కాను. ఓడ సరుకు దించేలోపు దొరికిన షోర్ లీవ్‌లో చూసినవి, తర్వాత ఆసక్తి కొద్దీ చదివినవి చెబుతాను. పొడుగు ఉత్తరాలు కుదించాను. పేర్లు తీసేసి పేట మాత్రం ఉంచాను.

సీతమ్మధార నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్: "తావో మతానికి మూలగురువనే లావోజీ పేరు మీద ఉన్న తావో తే చింగ్ పుస్తకం చదివాను. ఆ ప్రశాంతత ఉండే గుడి ఒక్కటైనా చూడాలని కోరిక. విశాఖలో గానీ చుట్టుపక్కల గానీ ఉందా? ఈ వయసులో విదేశాలు నావల్ల కాదు."

మాస్టారూ, విశాఖలో లేదు. మనకు దగ్గరంటే కోల్‌కతాయే. రాత్రి రైలెక్కితే మర్నాటికి హౌరాలో ఉంటారు, పాస్‌పోర్టు గొడవ లేదు.

కాకపోతే ఆ పుస్తకం మనసులో పెట్టుకుని వెళ్తే గుమ్మంలోనే కంగారు పడతారు. పుస్తకంలో దేవుడి ఊసు పెద్దగా ఉండదు. గుడిలో మాత్రం దేవుళ్ళ పెద్ద కొలువు ఉంటుంది. ఎర్రటి మొహం, గుండెల మీదికి జారిన గడ్డం ఉన్న సేనాపతి ఒకడు, ఊరి దేవుడొకడు, భూమి దేవుడొకడు, చదువుల దేవుడు, మందుల దేవుడు. ప్రతి ఒక్కడికీ ఒక శాఖ, ఒక హోదా. చక్రవర్తులు వీళ్ళకు బిరుదులిచ్చి ప్రమోషన్లు కూడా ఇచ్చేవారు. లావోజీ ఉండడని కాదు. పెద్ద మఠాల్లో ముగ్గురు పరమ మూర్తుల్లో ఒకడిగా, తెల్లగడ్డంతో, విసనకర్ర పట్టుకుని కూర్చుంటాడు. కానీ జనం ఆయన దగ్గర నిలబడేది తక్కువ. పరీక్ష పాసవ్వాలన్నా, షాపు నడవాలన్నా, పిల్లకు సంబంధం కుదరాలన్నా వేరే దేవుడి దగ్గరికి పోతారు.

కోల్‌కతాలో మీరు వెళ్ళాల్సింది టిరెట్టా బజార్. పాత చైనా పేట అది. ఆదివారం తెల్లవారుజామున పొద్దార్ కోర్ట్ పక్కన వీధిలోనే చైనా టిఫిన్లు పెడతారు. ఎండెక్కేసరికి సర్దేస్తారు. అక్కణ్ణుంచి నడిచే దూరంలోనే గుళ్ళు. టెంపుల్ అని అడిగితే మాత్రం తికమక పడతారు, ఎందుకంటే అక్కడ వాటిని చర్చి అంటారు: సీ ఇప్ చర్చి, తూంగ్ ఆన్ చర్చి, నామ్ సూన్ చర్చి. శిలువ ఉండదు, పాదిరి ఉండడు. చైనాలో ఒకే ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న సంఘాలివి. కొన్నిటిలో కింద సంఘం గది, మేడ మీద దేవుడు. చైనా వాళ్ళు చాలామంది కెనడాకీ ఇతర దేశాలకీ వెళ్ళిపోయారు కాబట్టి కొన్నిసార్లు గేటుకు తాళం ఉంటుంది. కేర్‌టేకర్‌ని పిలిస్తే తీస్తాడు. పొద్దున పూట వెళ్ళండి.

ఓపికుంటే అచీపూర్ కూడా చూడండి. హుగ్లీ ఒడ్డున, బడ్జ్‌బడ్జ్ దాటాక. వారెన్ హేస్టింగ్స్ రోజుల్లో అచ్యూ అనే చైనా వ్యాపారి భూమి సంపాదించి చెరకు వేయించి, చక్కెర మిల్లు పెట్టాడు. మన దేశంలో స్థిరపడిన చైనా వాళ్ళకు ఆయనే మూలపురుషుడని చెప్పుకుంటారు. ఊరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. నది పక్కన గుర్రపు నాడా ఆకారంలో ఎర్ర రంగు వేసిన సమాధి, కొంచెం ఎడంగా భూమి దేవుడికీ ఆయన భార్యకీ చిన్న గుడి. ఆ దంపతుల్ని ఊరివాళ్ళు ఖుదా-ఖుదీ అంటారు. చైనా కొత్త సంవత్సరం తర్వాత కోల్‌కతా చైనా కుటుంబాలన్నీ అక్కడికి కదులుతాయి. మిగతా రోజుల్లో మీరు కోరుకున్న ప్రశాంతత అక్కడ దండిగా దొరుకుతుంది మాస్టారూ. లావోజీ మాత్రం అక్కడా కనబడడు.

ముంబైలో పిల్లలెవరైనా ఉంటే మజ్‌గావ్ చెప్పండి. హార్బర్ లైన్‌లో డాక్‌యార్డ్ రోడ్ స్టేషన్ దిగితే దగ్గర్లోనే సీ యుప్ కూన్ గుడి ఉంది. 1919లో చైనా నావికులు కట్టుకున్నది. పాత ఇంటి మేడ లాగే ఉంటుంది, ఎర్ర తలుపు చూసి గుర్తుపట్టాలి. డాక్‌యార్డ్ పక్కనే ఉండటం యాదృచ్ఛికం కాదు. సముద్రం మీద బతికేవాళ్ళు ఎక్కడ లంగరేస్తే అక్కడ ముందు గుడి కట్టారు. మీరు ఏ దేశమెళ్ళినా పాత రేవు ఎక్కడుందో చూడండి. చైనా వాళ్ళు దిగిన రేవైతే దాని వెనక రెండు మూడు వీధుల్లోనే తరచూ తావో గుడి ఉంటుంది. అడిగేటప్పుడు తావో గుడి ఎక్కడని అడక్కండి, దేవుడి పేరు పెట్టి అడగండి. సముద్రం తల్లి మాజు గుడి అన్నా, పైన చెప్పిన ఎర్ర మొహం సేనాపతి గ్వాన్ గుంగ్ గుడి అన్నా ముసలమ్మలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు.

జాలారిపేట నుంచి డిగ్రీ చదివే అమ్మాయి: "అంకుల్, మా నాన్న వేటకెళ్ళే ముందు గంగమ్మ తల్లికి మొక్కుతాడు. చైనాలో కూడా సముద్రం తల్లి ఉందని యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా? ఆమె కూడా తావో దేవతేనా?"

నిజమేనమ్మా. పైన రాసిన మాజు ఆవిడే. 960లో ఫూజియన్ తీరంలో మెయిజౌ దీవిలో బెస్తల మధ్య పుట్టిందని చెబుతారు. అసలు పేరు లిన్ మో. మో అంటే మౌనం. పుట్టాక నెల దాకా ఏడవలేదని ఆ పేరు పెట్టారట. ఎర్ర బట్టలు కట్టుకుని ఒడ్డున నిలబడి, మబ్బులో దారి తప్పిన పడవలకు గుర్తుగా ఉండేదని కథ. చిన్న వయసులోనే పోయింది. పోయాక దేవతైంది. ఏ పెద్ద శాస్త్రమూ ఆమెను దేవతని చెయ్యలేదు. ఒడ్డుకు తిరిగొచ్చిన వాళ్ళు చేశారు. ప్రభుత్వం వెనక నుంచి వచ్చి బిరుదులిచ్చింది. చివరికి ఆమె స్వర్గపు మహారాణి అయింది. హాంకాంగ్‌లో తిన్ హౌ అనేది ఆ బిరుదునే.

గుడిలో ఆమెకు ముందు రెండు వైపులా ఇద్దరు భయంకరమైన భటులుంటారు. ఒకడు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దూరం చూస్తుంటాడు, వెయ్యి మైళ్ళ చూపు వాడిది. ఇంకొకడు చెవి దగ్గర చెయ్యి పెట్టి గాలిలో వచ్చే మాట వింటుంటాడు. నేను మొదటిసారి చూసినప్పుడు మా రేడియో ఆఫీసర్‌తో అన్నాను, ఈ తల్లికి రాడారూ రేడియో రెండూ ఉన్నాయి, మన కంపెనీ కంటే నయం అని. ఇద్దరూ ముందు రాక్షసులే, ఆమె ఓడించి పనిలో పెట్టుకుంది.

పదిహేనో శతాబ్దంలో జెంగ్ హే అనే నౌకాధిపతి పెద్ద పెద్ద ఓడల దండుతో మన కాలికట్ దాకా వచ్చాడు, వినే ఉంటావు. ఆ ప్రయాణాల్లో తుపాను నుంచి కాపాడింది ఈ తల్లే అని 1431లో ఛాంగ్‌లె రేవు దగ్గర రాయి చెక్కించి పెట్టాడు. తాను ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. ఓడ ఊగుతుంటే అందరికీ అందరు దేవుళ్ళూ గుర్తొస్తారు, నా మాట నమ్ము.

తావో దేవతేనా అంటే, తావో పూజారులు ఆమెను తమ దేవతల్లో కలుపుకున్నారు. బౌద్ధులూ దండం పెడతారు. మీ నాన్నగారు ఏ మతం లెక్క చూసుకుని గంగమ్మకు మొక్కుతారు చెప్పు? ఉత్సవం చైనా పంచాంగంలో మూడో నెల ఇరవై మూడో రోజు. అంటే మన పౌర్ణమి దాటాక వచ్చే అష్టమి ప్రాంతం, ఏప్రిల్-మే లలో పడుతుంది. తైవాన్‌లో దాజియా అనే ఊరి నుంచి ఆ రోజుల్లో తల్లి పల్లకీ వెంట తొమ్మిది పగళ్ళు, ఎనిమిది రాత్రుళ్ళు, మూడు వందల కిలోమీటర్లకు పైగా నడుస్తారు. పల్లకీ కింద నుంచి దూరితే మంచిదని రోడ్డు మీద వరసగా బోర్లా పడుకుంటారు. పరీక్షలయ్యాక మీ నాన్నకు ఆ వీడియో చూపించు.

గాజువాక నుంచి ఒక ఉక్కు ఉద్యోగి: "మా అబ్బాయి సింగపూర్‌లో ఉన్నాడు. నెల రోజులు వెళ్తున్నాం. తావో గుడి చూడాలని నాకుంది. మా ఆవిడేమో వేరే దేవుళ్ళ గుడికెళ్తే దోషం కదా అంటోంది. పద్ధతులు తెలియక అవమానం పాలవుతామేమోనని టెన్షన్. బౌద్ధ గుడికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?"

ముందు చెల్లెమ్మ సంగతి. ఆమెను నేరుగా వాటర్లూ స్ట్రీట్‌కి తీసుకెళ్ళండి. అక్కడ క్వాన్ ఇమ్ గుడి, శ్రీకృష్ణుడి గుడి పక్క పక్కనే ఉంటాయి. చైనా వాళ్ళు క్వాన్ ఇమ్ తల్లికి దండం పెట్టి, అదే ఊపులో మన కృష్ణుడి ముందు కూడా అగరొత్తులు వెలిగించి వెళ్తుంటారు. అది చూశాక ఆమె మీకంటే ముందు లోపలికి నడుస్తుంది. క్వాన్ ఇమ్ అసలు బౌద్ధుల అవలోకితేశ్వరుడు, చైనా వెళ్ళాక అమ్మ రూపం తీసుకున్నాడు. తావో గుళ్ళలో కూడా ఆమెకు చోటుంది. కాబట్టి తేడా గీత గీసినట్టు ఉండదు.

అయినా గుర్తులున్నాయి. బౌద్ధ గుడి పేరు చివర "స్స" అని వినబడుతుంది, ఇంగ్లీషులో ఎస్, ఐ రాస్తారు. తావో గుడికి గువాన్, గుంగ్, మియావ్ లాంటివి వస్తాయి. సింగపూర్ వాళ్ళ ఉచ్చారణలో కెంగ్, బియో అని ఉంటాయి. బౌద్ధ భిక్షువు గుండు చేయించుకుంటాడు. తావో సన్యాసి జుట్టు పెంచి నడినెత్తిన ముడి వేస్తాడు. విగ్రహానికి పొడుగు గడ్డం, దర్బారు దుస్తులు, అధికారి టోపీ ఉంటే దాదాపు తావో దేవుడే.

చూడాల్సిందల్లా తెలోక్ అయెర్ వీధిలో థియాన్ హాక్ కెంగ్. 1839లో మొదలుపెట్టి 1842కు పూర్తి చేశారు. మాజు తల్లి గుడి. ఇప్పుడు చుట్టూ ఆకాశమంత బిల్డింగులున్నాయి గానీ అప్పట్లో గుడి ముందే సముద్రం. చైనా నుంచి పడవ దిగిన కూలీ తడి కాళ్ళతో ముందు ఇక్కడికే వచ్చి, ప్రాణాలతో దించినందుకు దండం పెట్టి, తర్వాతే పని వెతుక్కునేవాడు. తర్వాత సముద్రాన్ని పూడ్చి రోడ్లేశారు. తలెత్తి చూడండి, దూలాలు ఒకదానిలో ఒకటి బిగించినవే, మేకులు కొట్టలేదని గర్వంగా చెబుతారు. ఇనుప కటకటాలు మాత్రం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి తెప్పించారు. ఇంజినీరుని కదా, నేను దేవుడి కంటే ముందు వాటినే చూశాను. అదే వీధిలో తమిళ ముస్లింలు కట్టిన నాగూర్ దర్గా, నడిచి వెళ్ళేంత దూరంలో సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మారియమ్మన్ కోవెల. మన హార్బర్ ముఖద్వారం దగ్గర కొండల మీద చర్చీ, దర్గా, వెంకన్న గుడీ వరసగా ఉన్నాయి చూడండి, రేవు ఊళ్ళన్నీ అంతే.

పద్ధతులకు టెన్షన్ పడాల్సిన పని లేదు, సగం మనకు పుట్టుకతో వచ్చినవే. గడప తొక్కకూడదు, దాటాలి. గడప మోకాలెత్తు ఉంటుంది, చెల్లెమ్మను చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకోమనండి. మధ్య ద్వారం దేవుళ్ళది. గుడికెదురుగా నిలబడితే మన కుడివైపు డ్రాగన్ ద్వారం, దాంట్లోంచి లోపలికి. ఎడమ వైపు పులి ద్వారం, దాంట్లోంచి బయటికి. చెప్పులు విప్పక్కర్లేదు. ఇది మాత్రం మనవాళ్ళకు గొంతు దిగదు. ఎన్నేళ్ళు తిరిగినా నా కాళ్ళు గుమ్మం దగ్గర వాటంతటవే ఆగేవి. విప్పితే ఎవరూ తప్పుబట్టరు, కాకపోతే రాలిన నిప్పు బూడిద పాదాలకు తగులుతుంది.

అగరొత్తులు మూడు. వెలిగించాక మంట నోటితో ఊదకండి, చేత్తో విసిరి ఆర్పండి. ముందు బయటికి తిరిగి ఆకాశానికి, తర్వాత లోపలి పెద్ద దేవుడికి, ఆ తర్వాత పక్క దేవుళ్ళకు. మధ్యలో పూజారి ఎవరూ మీ గోత్రం అడగరు. బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గర మన చేత్తో మనమే పసుపు కుంకుమ వేసుకుంటాం కదా, ఇక్కడా మన మొక్కు మనమే చెప్పుకోవాలి. పేరు, ఊరు, వచ్చిన పని దేవుడికి చెప్పాలి. తెలుగులో చెప్పండి.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రద్దీ. వాళ్ళ నెలలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ అవే. సందడి కావాలంటే మన క్యాలెండర్ చూసుకుని ఆ రోజు వెళ్ళండి, వద్దనుకుంటే మానండి. సమయముంటే లోయాంగ్ తువా పెక్ కాంగ్ కూడా చూడండి, ఊరి చివర. ఒకే కప్పు కింద తావో దేవుడు, వినాయకుడు, ముస్లిం పెద్దాయన సమాధి గుర్తు. రాత్రంతా తెరిచే ఉంటుంది.

భీమిలి నుంచి: "తొట్లకొండకు చైనా యాత్రికులు వచ్చారంటారు. తావో మతస్థులు కూడా మన తీరానికి వచ్చారా?"

తొట్లకొండ, బావికొండ బౌద్ధులవి. తావో గుడి ఆనవాళ్ళు అక్కడ వెతకద్దు. కానీ మీకు నచ్చే ముచ్చట ఒకటుంది. ఏడో శతాబ్దంలో మన ఆంధ్ర దేశం కూడా తిరిగి వెళ్ళిన షువాన్‌జాంగ్, అదే మన పాఠ్యపుస్తకాల హుయాన్‌త్సాంగ్, స్వదేశం చేరాక చక్రవర్తి ఆయనకు ఒక పని చెప్పాడు. కామరూప (ఇప్పటి అస్సాం) రాజు కోసం లావోజీ పుస్తకాన్ని సంస్కృతంలోకి మార్చమన్నాడు. తావో పండితులతో కలిసి కూర్చుంటే ఒక్కో మాట మీద పెద్ద వాదాలే అయ్యాయని చైనా గ్రంథాలు రాశాయి. ఆ సంస్కృత ప్రతి మనకు దొరకలేదు.

మధురవాడ నుంచి ఐటీ ఉద్యోగి: "ఆఫీసు పని మీద హాంకాంగ్ వెళ్తున్నా. ఒక పూట మాత్రమే ఖాళీ. వాంగ్ తాయ్ సినా, మాన్ మో నా? ఆ కర్రలు ఊపి జాతకం చూసుకోవడం ఎలా?"

పూట మాత్రమే అయితే, మీరు దిగే హోటల్‌ని బట్టి చెప్పాలి. హాంకాంగ్ దీవి మీద ఉంటే మాన్ మో, హాలీవుడ్ రోడ్. 1847 నాటిది. చదువుల దేవుడు, యుద్ధ దేవుడు ఒకే గుళ్ళో. చిన్నదే. లోపలికెళ్ళగానే పైన చూడండి: దోమల చుట్ట ఎలా ఉంటుందో అలాంటివే, కానీ గంపంత అగరొత్తు చుట్టలు కప్పు నుంచి వేలాడుతుంటాయి. ప్రతి చుట్టకీ మొక్కుకున్నవాళ్ళ పేరుతో ఎర్ర చీటీ. రోజుల తరబడి కాలుతూనే ఉంటాయి. పైకప్పు సందుల్లోంచి ఎండ పడి పొగ చారలు చారలుగా కనబడుతుంది. బూడిద తల మీద రాలుతుంది, మీటింగ్ చొక్కాతో వెళ్ళకండి. ఆ యుద్ధ దేవుడే ఎర్ర మొహం గ్వాన్ గుంగ్. చైనా చరిత్రలో మూడు రాజ్యాల కాలం నాటి నిజమైన సేనాపతి, మాట తప్పనివాడని పేరు. హాంకాంగ్ పోలీస్ స్టేషన్లలో ఆయన పటం ఉంటుంది, ఆ పోలీసులు వెంటబడే ముఠాల దగ్గరా ఉంటుంది.

కౌలూన్ వైపు ఉంటే వాంగ్ తాయ్ సిన్. మెట్రో స్టేషన్ పేరే అది, పైకి రాగానే గుడి. ఇక్కడ 1921 నుంచి ఉంది. గొర్రెల కాపరిగా ఉండి, తెల్లరాళ్ళను గొర్రెలుగా మార్చేంత సిద్ధి సంపాదించినవాడి గుడి. పెద్ద మందిరంలో విగ్రహం కాదు, పటం ఉంటుంది. 1915లో గ్వాంగ్‌డాంగ్ నుంచి తెచ్చిన పటం. నన్నడిగితే అందానికి మాన్ మో, జనాన్ని చూడటానికి ఇది.

కర్రల సంగతి. వెదురు గొట్టంలో వంద పుల్లలు, ప్రతిదాని మీదా నంబరు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క ప్రశ్న మనసులో అనుకుని, గొట్టం కొంచెం ముందుకు వంచి లయగా ఊపాలి. ఒక పుల్ల మిగతావాటి కంటే ముందుకు జరిగి కింద పడుతుంది. రెండు పడితే లెక్కలోకి రాదు, మళ్ళీ. నంబరు రాసుకుని పక్కనున్న జ్యోతిష్కుల దుకాణాల దగ్గరికి వెళ్తే అర్థం చెబుతారు. గుడికి రుసుము లేదు, వీళ్ళకుంది. రేటు ముందే అడగండి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఉంటారు.

తైవాన్, సింగపూర్ గుళ్ళలో దీనికి తోడు రెండు చెక్క ముక్కలుంటాయి, నెలవంక ఆకారంలో, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. కింద పడేస్తే ఒకటి చదును, ఒకటి ఉబ్బు పైకి వస్తే దేవుడు సరే అన్నట్టు. రెండూ ఉబ్బే వస్తే కాదు. రెండూ చదునే వస్తే దేవుడు నవ్వుతున్నాడని. మా ఓడలో భీమిలి కుర్రాడొకడు మోటార్‌మ్యాన్‌గా ఉండేవాడు. తైవాన్‌లోని కావోషుంగ్ రేవులో ఓడ ఆగితే గుడికెళ్ళి, సంక్రాంతికి సైన్ ఆఫ్, అంటే ఓడ దిగి ఇంటికి పోవడం, దొరుకుతుందా అని వేశాడు. చదును, చదును. మళ్ళీ వేశాడు, మళ్ళీ అదే. అక్కడ ఊడుస్తున్న ముసలావిడ సైగలతో చెప్పింది: ప్రశ్న సరిగ్గా అడగలేదు, విడమర్చి అడుగు అని. వాడు ఈసారి సంక్రాంతి అంటే ఏమిటో, ఏ తేదీకి వస్తుందో, భోగికే చేరాలో కనుమకైనా ఫరవాలేదో అన్నీ తెలుగులో దేవుడికి వివరించి వేశాడు. సరే అని పడింది. భోగికి ఇంట్లో ఉన్నాడు. ఏజెంటు పుణ్యమా, దేవుడి పుణ్యమా అని వాణ్ణి ఎప్పుడూ ఏడిపించేవాళ్ళం.

మన పాస్‌పోర్టుకు హాంకాంగ్ వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. కంపెనీ చూసుకుంటుందిలే అని వదిలెయ్యకండి.

పెదవాల్తేరు నుంచి ఒక గృహిణి: "మా వారు 1966 ఆగస్టులో పుట్టారు. షష్టిపూర్తి అయ్యాక బీజింగ్ టూర్ వెళ్దామనుకుంటున్నాం. అక్కడ చూడదగ్గ తావో గుడి ఉందా? నాకు మోకాళ్ళ నొప్పులు."

అమ్మా, మీ ఉత్తరం చూసి నాకు భలే సంతోషమేసింది, ఎందుకంటే షష్టిపూర్తి వాళ్ళకు సరిగ్గా అతికే గుడి అక్కడుంది. పేరు బాయ్‌యున్ గువాన్, తెల్లమబ్బుల మఠం. చైనా తావో సంఘానికి కేంద్ర కార్యాలయం కూడా అదే. చదునైన నేల మీదే ఉంది, మోకాళ్ళకు గడపలు తప్ప వేరే కష్టం లేదు.

మనకు ప్రభవ, విభవ అని అరవై సంవత్సరాలున్నట్టే వాళ్ళకూ అరవై ఏళ్ళ చక్రం ఉంది. మన చక్రం 1987లో ప్రభవతో మొదలైతే వాళ్ళది 1984లో మొదలైంది, మూడేళ్ళు తేడా. వాళ్ళు ఒక్కో సంవత్సరానికీ ఒక్కో దేవుణ్ణి అధికారిగా పెట్టారు. ఈ మఠంలో ఆ అరవై మందినీ ఒకే మందిరంలో నిలబెట్టారు. జనం లోపలికెళ్ళి వరసలో తమ పుట్టిన సంవత్సరం దేవుడెవరో వెతుక్కుని ఆయన ముందు దండం పెడతారు. మీ వారిది మన లెక్కలో పరాభవ, వాళ్ళ లెక్కలో అగ్ని గుర్రం. 2026కు రెండూ తిరిగొచ్చాయి. అరవయ్యేళ్ళ తర్వాత తన సంవత్సరం దేవుడి ఎదుట నిలబడటమంటే ఎవరికి మాత్రం బాగుండదు? పేరు పట్టుకోవడం కష్టం కాబట్టి పుట్టిన సంవత్సరం అంకెల్లో కాగితం మీద రాసి అక్కడ చూపించండి. నేనైతే పాస్‌పోర్టే తెరిచి చూపించాను, టోపీ పెట్టుకున్న యువ సన్యాసి నవ్వి వేలు పెట్టి చూపించాడు.

ముందు గుమ్మం రాతి తోరణం మీద చిన్న కోతి బొమ్మ చెక్కి ఉంటుంది. అందరూ తడిమి తడిమి నున్నగా, నల్లగా మెరుస్తుంటుంది. మీరూ తడమండి, అదృష్టమట. లోపల చూ చూజీ సమాధి ఉంది. డెబ్బై దాటిన వయసులో చెంఘిజ్ ఖాన్ పిలిస్తే మధ్య ఆసియా దాకా వెళ్ళి, చావు లేని మందు ఉందా అని అడిగినవాడితో, అలాంటిది లేదు, చంపడం తగ్గించు అని చెప్పి క్షేమంగా తిరిగొచ్చిన సన్యాసి ఆయన. నాకు ఈ మతంలో బాగా నచ్చే మనిషి ఆయనే.

గ్రూపు టూర్లు ఈ గుడిని లిస్టులో పెట్టవు. గ్రేట్ వాల్, పట్టు షాపు, ముత్యాల షాపు అని తిప్పుతారు. ఒక పూట మాకు వదిలెయ్యండని ఏజెంటుకు ముందే చెప్పి టాక్సీలో వెళ్ళండి. ఎవరైనా బీజింగ్‌కు దూరంగా హుబే రాష్ట్రంలో ఉన్న తావో పుణ్యక్షేత్రం వూడాంగ్ కొండ ఎక్కమంటే కేబుల్ కారు ఉందో లేదో అడిగి మరీ ఒప్పుకోండి. ఉంది, కానీ అది దిగాక కూడా మెట్లున్నాయి. శిఖరం మీద 1416 నాటి బంగారు పూత కంచు మందిరం అద్భుతమే, కాదనను. మోకాళ్ళు మీవి.

కంచరపాలెం నుంచి ముగ్గురు నలుగురు అడిగినవి ఒకచోట: ఫొటోలు తీయొచ్చా, మాంసం నైవేద్యం పెడతారా, ప్రసాదం తినొచ్చా?

ప్రాంగణంలో ఫొటోలు తీసుకోవచ్చు. దేవుడి ఎదుట బోర్డు చూసి నడుచుకోండి, మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళ మొహాలు మాత్రం తీయకండి. మాంసం పెడతారు, కొన్ని గుళ్ళలో ఏకంగా కాల్చిన పంది. మఠాల్లో ఉండే సన్యాసులు శాకాహారులు, పేట గుళ్ళ దేవుళ్ళు కాదు. పోలమాంబకు కోడి కోసే ఊళ్ళో పుట్టి దీనికి ముక్కు చిట్లించడం నాకు అర్థం కాదు. ప్రసాదం మన పద్ధతిలో పంచరు. ఎవరు పెట్టిన పండ్లు వాళ్ళే ఇంటికి తీసుకుపోతారు, కాబట్టి బల్ల మీద కమలాపండు తీసుకుని నోట్లో వేసుకోకండి, అది పక్కవాళ్ళది.

అక్కయ్యపాలెం నుంచి: "నాకు ఆస్తమా. అగరొత్తుల పొగ పడదు. ఈ గుళ్ళు చూసే యోగం నాకు లేనట్టేనా?"

ఉంది. తైవాన్‌లోని తైపేలో షింగ్‌తియాన్ గుడికి వెళ్ళండి, గ్వాన్ గుంగ్ గుడే. 2014లో వాళ్ళు ధూప కుండలు తీసేసి, అగరొత్తులు లేకుండా చేతులు జోడిస్తే చాలన్నారు. నైవేద్యం బల్లలు కూడా ఎత్తేశారు. బయట పూలూ అగరొత్తులూ అమ్ముకునేవాళ్ళు గగ్గోలు పెట్టారు, భక్తులు మాత్రం తగ్గలేదు. మాన్ మో మీకు వద్దు, వాకిట్లోంచి చూసి వచ్చేయండి. మిగతా చోట్ల బయటి ప్రాంగణం విశాలంగా ఉన్న గుళ్ళు ఎంచుకుని, పౌర్ణమి అమావాస్యలు తప్పించి, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో వెళ్ళండి. ఇన్హేలర్ చేతిసంచిలో పెట్టుకోండి, హోటల్ గదిలో సూట్‌కేసులో కాదు.